కాలువ గట్టున కాలిన లారీ

నా చిన్నప్పుడు మా నాన్నగారు మిలటరీలో లారీ నడిపేవారు. ఏడాదికోసారి సెలవు దొరికితే నరసాపురం స్టేషన్లో దిగి, ఇనప ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చేవారు. మిగతా ఏడాదంతా ఆయన మాకు ఉత్తరాల్లోనే కనబడేవారు. అమ్మ అరుగు మీద కూచుని లేసు అల్లేది. చేతులు లేసు మీదే ఉన్నా, కళ్లు మాత్రం పోస్టుమాన్ వచ్చే సందు వైపే ఉండేవి.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చిన చలికాలంలో ఆ ఉత్తరాలు ఆగిపోయాయి. సముద్రం దగ్గరి ఊరు కదా, సాయంత్రమయ్యేసరికి శత్రువుల విమానాలకు వెలుతురు కనబడకుండా కిటికీలకు దుప్పట్లు కట్టుకునేవాళ్లం. వీధిలో అందరూ రేడియోల దగ్గర చేరి మనవాళ్లు ఎక్కడిదాకా వెళ్లారో చెప్పుకునేవారు. మా ఇంట్లో మాత్రం ఆ మాటే వచ్చేది కాదు. అమ్మ ఎత్తేది కాదు, నేను అడిగేదాన్ని కాదు.

ఒకరోజు పంచదార తెమ్మంటే కొట్టుకు వెళ్లి తెచ్చాను. పొట్లం విప్పి డబ్బాలో పోసి, ఆ పేపరు కాగితం పారేయబోతుంటే దాని మీది ఫోటో కనబడింది. కూలిన వంతెన, దాని పక్కన కాలువలోకి ఒరిగిపోయిన మిలటరీ లారీ. పైన గుడ్డ కాలిపోయి ఇనప కమ్ములు మిగిలాయి. మనిషన్నవాడు ఎక్కడా లేడు. కింద రాసిన అక్షరాలు సగానికి చిరిగిపోయాయి. ఆ లారీ మా నాన్నదేనని నాకు ఎవరూ చెప్పలేదు. చూడగానే నాకు నేనే తేల్చేసుకున్నాను. కాగితాన్ని మడిచి గౌను జేబులో దాచాను. అమ్మకు చెబితే అమ్మ ఏమైపోతుందోనని భయం.

ఆ రోజు నుంచి అన్నం సయించేది కాదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ లారీ గుర్తొచ్చేది. అమ్మ ముందు తిన్నట్టు నటించి, మిగిలింది పెరట్లో కోళ్లకు వేసేదాన్ని.

స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో నడిపే మా మావయ్య, అమ్మకు తమ్ముడు, ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి ఇది కనిపెట్టాడు. అమ్మ ముందు ఏమీ అనలేదు. తిరిగి వెళ్తూ నన్ను సైకిల్ మీద కూచోబెట్టుకుని స్టూడియోకు తీసుకుపోయాడు. తలుపు దగ్గరగా వేసి, "ఇప్పుడు చెప్పు కోడలా, ఏంటి సంగతి?" అన్నాడు. నేను కాగితం తీసి చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. పిచ్చిపిల్లా అనలేదు, మీ నాన్నకేమీ కాదులే అని కూడా అనలేదు.

"దీన్ని మనం కట్టి చూద్దామా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఈ కాలవ, ఈ వంతెన, ఈ లారీ. అన్నీ బొమ్మంత చేసి, మళ్లీ ఇలాగే ఫోటో తీద్దాం," అన్నాడు.

మర్నాటి నుంచి బడి వదలగానే స్టూడియో డాబా మీదికి వెళ్లేదాన్ని. పాత బల్ల మీద ఇద్దరం పని చేసేవాళ్లం. ఏటి ఒడ్డు నుంచి తెచ్చిన ఒండ్రును ఆరబెట్టి, నలిపి, పల్చటి గుడ్డలో జల్లించి గట్టు పోశాం. జల్లించకపోతే ఒక్కో మట్టిగడ్డ లారీ పక్కన కొండలా కనబడేది. కాలువ నీళ్ల కోసం మావయ్య పాత గాజు నెగిటివ్‌లు కడిగి, కింద నల్లరంగు పూసి పరిచాడు. వంతెనకు కొబ్బరి ఈనెలు, గట్టు మీది తుంగకు చీపురు కొసలు. లారీని ఫోటో కాగితాల అట్టపెట్టెతో కత్తిరించి, చక్రాలకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాం. అంతా అయ్యాక ఎంతో ముచ్చటగా ఉన్న ఆ లారీకి కొవ్వొత్తి మసి పట్టించి కాలబెట్టమన్నాడు. నాకు చేతులు రాలేదు. ఆయనే నా చెయ్యి పట్టుకుని పట్టించాడు. దూది పీకి, మసి అద్ది, పొగలా తీగ మీద నిలబెట్టాం.

చేతులకు పని ఉన్నంతసేపు ఆ భయం తెలిసేది కాదు. తర్వాత మళ్లీ వచ్చేది.

ఫోటో తీసే రోజు బడికి సెలవు. మావయ్య పొద్దున్నే, ఎండ వాలుగా పడుతున్నప్పుడు, కెమెరాను బల్ల అంచున చీమ కళ్ల ఎత్తులో పెట్టాడు. వెనకాల నిజమైన ఆకాశం, దూరాన నిజమైన కొబ్బరితోటల వరస. కెమెరా కన్ను బాగా చిన్నది చేసి, ఊపిరి బిగబట్టుకున్నంతసేపు తెరిచి ఉంచాడు. అలాగైతే దగ్గరున్నదీ దూరానున్నదీ రెండూ తేటగా పడతాయట.

ఎర్రదీపం గదిలో, మందునీళ్ల ట్రేలో ఆ ఫోటో మెల్లగా తేలింది. ముందు ఆకాశం, తర్వాత వంతెన, తర్వాత లారీ. అది బొమ్మలా లేదు. జేబులో కాగితం మీద ఎలా ఉందో అలాగే ఉంది. నేనే అట్ట కత్తిరించాను, నేనే మసి పట్టించాను. అయినా దాన్ని చూడగానే ఏడుపు ఆగలేదు.

మావయ్య నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత తడి ఫోటో పట్టుకుని డాబా మీదికి తీసుకొచ్చి, బల్ల ముందు నిలబెట్టి, "ఈ లారీలో మీ నాన్న ఉన్నాడా?" అని అడిగాడు.

"లేడు."

"మరి ఎక్కడున్నాడు?"

నేను చుట్టూ చూశాను. ఫోటోలో గట్టు ఎంత దూరమైనా పోతున్నట్టుంది. ఇక్కడ చూస్తే బల్ల అంచు, దాని మీద జిగురు గిన్నె, కత్తెర, నేను తాగి పెట్టిన మంచినీళ్ల గ్లాసు. ఇవేవీ ఫోటోలో లేవు.

"తెలీదు మావయ్యా," అన్నాను.

"నాకూ తెలీదు. దీనికీ తెలీదు," అన్నాడు ఫోటో చూపిస్తూ. "దాని అంచు దాకానే దానికి తెలుసు. లారీ కాలింది, అంతవరకే అది చెప్పింది. మిగతాదంతా నువ్వు చెప్పుకున్నావు. తెలీనిదాన్ని తెలుసనుకుని అన్నం మానేశావు."

అని, పిడికెడు తడిమట్టి నా చేతిలో పెట్టాడు. మీ నాన్నను చేసి నీకు నచ్చిన చోట పెట్టు అన్నాడు. నేను కూచున్న మనిషిని చేసి, ఫోటోలో పడని మూల, వేపరెమ్మ గుచ్చి దాని నీడన పెట్టాను.

అప్పుడే మెట్ల మీద అమ్మ అడుగుల చప్పుడైంది. నా కోసం వెతుక్కుంటూ వచ్చింది. నేను గబగబా లారీ మీద తువ్వాలు కప్పబోయాను గానీ అందలేదు. అమ్మ బల్ల దగ్గరికొచ్చి, వంతెనను చూసింది, లారీని చూసింది.

"ఆ పేపరు నువ్వూ చూశావుటే?" అంది మెల్లగా.

లేసు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఏజెంటు గారింట్లో అమ్మ ఆ ఫోటో ముందే చూసిందట. అది నా కంట పడకూడదని ఆయన్నడిగి ఆ పేపరు తెచ్చేసి, పొయ్యిలో పెట్టేసిందట. ఊళ్లో పేపరు ఒక్కటే ఉంటుందా మరి. నేను అమ్మ కోసం, అమ్మ నా కోసం ఒకే బరువును వేరు వేరుగా మోశాం.

"నువ్వు అన్నం కోళ్లకు వేస్తున్నావని తెలుసు. అడిగితే ఏం చెబుతావోనని అడగలేదు," అంది. అని నన్ను దగ్గరికి లాక్కుని, కొంగుతో మొహం తుడిచింది. చాన్నాళ్లకు నాకు ఊపిరి పూర్తిగా ఆడినట్టయింది. అమ్మ వేపరెమ్మ కింద మట్టిమనిషిని చూసి, ఎవరని అడగలేదు. సంచిలోంచి లేసు ముక్క ఒకటి తీసి, దుప్పటిలా ఆ భుజాల మీద కప్పింది. అక్కడ చలి ఎక్కువట, అంది. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకే కంచంలో చింతకాయ పచ్చడి కలుపుకుని తిన్నాం. నాన్న ఎక్కడున్నారో ఇద్దరికీ తెలీదు. అయినా ముద్ద దిగింది.

యుద్ధం అయిపోయాక నాన్నగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కొన్నాళ్లకు ఆయనే వచ్చారు, ట్రంకు పెట్టె మోయలేక రిక్షాలో, బాగా చిక్కిపోయి. మావయ్య ఆయన్ను డాబా మీదికి తీసుకెళ్లాడు. ఆయన బల్ల ముందు గొంతుకూచుని అన్నీ చూశారు. చెట్టు కింద మనిషి ఎవరని అడిగితే నేను సిగ్గుపడుతూ, "నువ్వే నాన్నా," అన్నాను.

"నేనెక్కడమ్మా. నాకు జ్వరం తగిలి ఆసుపత్రి మంచం మీద పడున్నాను. ఆ నెలంతా లారీ మొహమే చూళ్లేదు. చేత్తో కలం పట్టుకునే ఓపిక ఉంటే రాయనూ?"

మావయ్య నెత్తి గోక్కుంటూ, "చూశారా బావగారూ, అన్నీ కట్టాం గానీ మంచం కట్టడం మర్చిపోయాం," అన్నాడు.

నాన్నగారు నవ్వారు. వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అమ్మ ఆయన వీపు నిమురుతూ తనూ నవ్వింది. తర్వాత ఆయన లారీ వైపు చూస్తూ, "ఇలాంటివి దారిలో చూశామన్నారు మావాళ్లు. అందులో వాళ్లందరూ ఇళ్లకెళ్లారో లేదో నాకూ తెలీదు," అన్నారు.

నేను పెద్దయ్యాక డ్రాయింగ్ టీచరునయ్యాను. రిటైరయ్యాక మళ్లీ ఒండ్రు జల్లించడం మొదలుపెట్టాను. యుద్ధంలో వంతెనలు, టెంట్లు, బురదలో దిగబడ్డ ట్యాంకులు కట్టి, సెల్‌ఫోన్ నేలకు ఆనించి ఫోటోలు తీస్తుంటాను. నిజం ఫోటోలేనా అండీ అని అడిగినవాళ్లకు బల్ల అంతా కనబడేలా తీసిన ఫోటో కూడా చూపిస్తాను.

మొన్న వానల్లో జంగారెడ్డిగూడెం వైపు బస్సు బోల్తా పడిందని ఎవరో ఫోన్లో ఫోటో పంపారు. మా అమ్మాయి ఆ దారిలోనే ఉద్యోగానికి వెళ్తుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. ఫోటోను అంచు దాకా చూశాను. పడిపోయిన బస్సు ఉంది. మా అమ్మాయి లేదు. మా ఆయన్ను పిలిచి, నాకు భయంగా ఉందండి అని చెప్పాను. ఇద్దరం కూచుని పెరుగన్నం తిన్నాం. చెయ్యి కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. మీటింగులో ఉందట. "ఏంటమ్మా, అన్నిసార్లు చేశావ్?" అంది.

"ఏం లేదే. తిన్నావా?" అన్నాను.