పదకొండో మనిషి

మందు సీసాలు దాచుకోవడం నా జబ్బు. కంగారు పడకండి, వీడియో గేమ్‌లో మందు సీసాలు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే తెలియనివాళ్ళకి చెప్తున్నాను: అందులో మనం ఒక మనిషిగా మారి ఊరూరా తిరుగుతాం, కనబడ్డవాళ్ళతో మాట్లాడతాం, దెబ్బలాడతాం, దెబ్బ తగిలితే ఒక సీసా తాగి లేస్తాం. నేను తాగేవాణ్ణి కాదు. ముందు ముందు ఇంకా పెద్ద రాక్షసుడు వస్తాడేమో, అప్పటికి ఉండాలి కదా అని కూడబెట్టేవాణ్ణి. ఆట అయిపోయేసరికి సంచి నిండా సీసాలు మిగిలిపోయేవి. "ఊరగాయ పెట్టుకుంటావేంట్రా" అనేవాడు నా స్నేహితుడు.

వాడూ నేనూ తణుకులో ఒక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాళ్ళం. రెండు వేల సంవత్సరం అటూ ఇటూ. మధ్యాహ్నం ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మధ్య ఇద్దరం ఒకే మెషీన్ ముందు కూర్చునేవాళ్ళం. కీబోర్డు వాడిది, లాంగ్ నోట్‌బుక్కులో దారులు గీసే పని నాది. వాడికి ఓ పాడలవాటు ఉండేది. ఆటలో ఏ ఇల్లు కనబడితే ఆ ఇంట్లోకి దూరిపోయి, కుండలు పగలగొట్టి, దొరికింది జేబులో వేసుకునేవాడు. "లోపల ఆడవాళ్ళుంటార్రా, బయటినుంచి పిలవాలి" అనేవాణ్ణి. పడీ పడీ నవ్వేవాడు. నేను వాడికి నేర్పింది ఒక్కటే. ప్రతి మనిషితోనూ రెండుసార్లు మాట్లాడాలి, అసలు సంగతి రెండోసారే చెప్తారు.

తరవాత ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. ఒక పాత కంప్యూటర్ నాకు మిగిలింది, వాడికి చెన్నైలో ఉద్యోగం దొరికింది. "ఇద్దరికీ మాట్లాడాను, నువ్వూ రా" అన్నాడు. "నువ్వు పద, నేను తరవాత వస్తాను" అన్నాను. ఎందుకలా అన్నానని ఇప్పుడడిగితే గొప్ప కారణాలేమీ లేవు. భయం, అంతే.

నిడదవోలులో ఒక ఆఫీసులో టైపింగ్ పని చూసుకుని, స్టేషన్ దగ్గర మేడమీద గది తీసుకున్నాను. కింద ఇంటావిడ నాతో రోజుకి రెండు ముక్కలు మాట్లాడేవారు. పొద్దున్న "మోటారు వేస్తున్నాను, బిందె పెట్టుకోండి మాస్టారూ." సాయంత్రం "వచ్చారా మాస్టారూ?" సెలవురోజుల్లో రెండోది కూడా ఉండేది కాదు. ఒక్కోసారి నా గొంతు ఎలా ఉంటుందో చూసుకుందామని గట్టిగా దగ్గేవాణ్ణి.

ఓ కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో ఇలాంటి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. కూర్చుని నా ఆట నేను మొదలుపెట్టాను. ఏటి ఒడ్డున ఒక ఊరు. తెలుగు అక్షరాలు రాకపోతే తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. గుమ్మంలో నిలబడి "ఏవండీ, ఎవరున్నారండీ?" అని పిలవకపోతే నా ఊళ్ళో ఏ తలుపూ తెరుచుకోదు. లోపలికి వెళ్ళాక మంచినీళ్ళు తాగకుండా బయటికి రావడం కుదరదు. దారిలో దెబ్బ తగిలితే తాగడానికి మందు సీసాలూ పెట్టాను. ప్రతి మనిషికీ ఏదో ఒకటి కావాలి. ఒకావిడకి తప్పిపోయిన దూడ, ఒకాయనకి కళ్ళజోడు. అది తెచ్చిచ్చాక వాళ్ళ మాట మారాలి. పెద్ద పెద్ద కంపెనీల ఆటల్లో కూడా, కొడుకుని కాపాడి తెచ్చినా సరే, తండ్రి మళ్ళీ "ఇవాళ ఎండగా ఉంది" అంటాడు. నాకు ఒళ్ళు మండేది. రోజూ ఒకే మాట వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆటంతా దేనికంటే ఏరు దాటడానికి. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలంటే నరసాపురం రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కేవాళ్ళం. మనుషులు నిండితేగానీ పంటు కదిలేది కాదు. ముందెక్కినవాళ్ళే గట్టుమీదివాళ్ళని "రండి రండి, మీకోసమే ఆగింది" అని కేకేసేవాళ్ళు. నా ఆటలోనూ అదే పద్ధతి పెట్టాను. పదిమంది పనులు చేసిపెడితే పదిమందీ వచ్చి ఎక్కుతారు, అప్పుడు పంటు కదులుతుంది. ఓ ముసురు పట్టిన ఆదివారం ఏమీ తోచక ఇంకొకణ్ణి కలిపాను. ఊరి చివర మేడమీద, కిటికీ దగ్గర, చారల చొక్కా వేసుకుని కూర్చున్న మనిషి. పదిని పదకొండు చేశాను. వాడికేం కావాలో తట్టలేదు. ప్రస్తుతానికి ఉంటుందని ఒక మాట రాసి వదిలేశాను.

ఏడాదిన్నర తరవాత నా స్నేహితుడు ఆత్రేయపురంలో వాళ్ళింటికి వచ్చి, చెన్నై తిరిగి వెళ్తూ ఆదివారం పొద్దున్నే నా గదికొచ్చాడు. సాయంత్రం బండి. వాడు ఆట చివరిదాకా ఆడాలి, నాకు కావలసింది అదొక్కటే. వారం ముందునుంచే గది తుడుస్తున్నాను.

పూతరేకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అలవాటు ప్రకారం మొదటి ఇంట్లోకి దూరబోయాడు. తలుపు తెరుచుకోలేదు. "పిలవాలా? నీ బుద్ధి మారలేదురా" అన్నాడు. పిలిచాడు. నీళ్ళు తాగాడు. దూడని వెతికాడు, కళ్ళజోడు తెచ్చాడు. "మీ ఊళ్ళో నీళ్ళు తాగలేక చస్తున్నాను" అని విసుక్కుంటూనే ఇంకో గుమ్మం ముందు పిలిచాడు. పక్కన నేను లాంగ్ నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఆ ఊరి దారులన్నీ నాకు కంఠతా వచ్చు, నోట్‌బుక్కుతో పనేమీ లేదు. ఆ గదిలో ఉన్నన్నాళ్ళలో నేను సంతోషంగా ఉన్నది ఆ నాలుగు గంటలే.

పదిమంది ఎక్కారు. "ఇంకొక్కరు రావాలండి" అన్నాడు పంటువాడు. నా స్నేహితుడు ఊరంతా వెతికి మేడమెట్లు ఎక్కాడు. కిటికీ దగ్గరి మనిషి అన్నాడు: "మీరు పదండి, నేను తరవాత వస్తాను."

రెండోసారి మాట్లాడాడు. అదే మాట. మూడోసారీ అదే. కీబోర్డు మీదనుంచి చెయ్యి తీసేశాడు.

"వీడికేం కావాలిరా?"

"ఇంకా రాయలేదు."

"రాయకుండా పదిమందినీ ఆపేశావా?"

నిజంగానే నేను గమనించలేదు. ఒక్కొక్క మనిషినీ విడిగా సరిచూసుకున్నాను గానీ మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా ఆడలేదు. ఆట తయారుచేసేవాడు చెయ్యకూడని తప్పు అదే. వాడు తెరమీది చారల చొక్కా చూశాడు, నా చొక్కా చూశాడు. బండి టైమైంది.

ప్లాట్‌ఫారం మీద అన్నాడు, "మా ఆఫీసులో ఒక ఖాళీ ఉంది. రేపు వాళ్ళకి చెప్పాలి. వస్తావా, రావా?"

"చూద్దాం" అన్నాను.

"రెండోసారి అడుగుతున్నాన్రా."

బండి వచ్చేసింది. నేను వాడి సంచీ అందించాను.

మర్నాడు ఆఫీసునుంచి వచ్చి ఆట తెరిచాను. ఆ మనిషికేం కావాలో రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. ఏమీ అడక్కుండా వాడు మెట్లు దిగి రేవుకి నడిచినా సరిపోయేది. రెండు లైన్ల పని. నేను పదకొండుని మళ్ళీ పది చేశాను.

మొదటిసారి నా ఆట నేను మొదటినుంచి ఆడాను. పిలిచాను, నీళ్ళు తాగాను, దూడని తోలుకొచ్చాను. పదోమనిషి ఎక్కగానే పంటు కదిలింది. మేడ తెర అంచుకి జరిగి కనబడకుండా పోయింది. సీడీ చేసి చెన్నైకి పోస్టు చేశాను.

నెలకి ఉత్తరం వచ్చింది. ఆట పూర్తి చేశాట్ట, పంటు బాగా కదిలిందట, సంచిలో ఒక్క సీసా కూడా మిగల్చలేదట. కిటికీ మనిషి గురించి ఏమీ రాయలేదు. నన్ను రమ్మని కూడా రాయలేదు.