బ్రేకు మీద కాలు

అది మట్టలాదివారం, ఈస్టరుకు ముందటి ఆదివారం, పొద్దున ఏడుంబావు. మెట్టుగూడలో మా ఇంటి ముందు నిలబడి నా కారు తాళంచెవి మా మరిది చేతిలో పెట్టాను. ఇక బండి నడపనని ముందు రోజు సాయంత్రమే ఇంట్లో అందరికీ చెప్పేశాను. కారణం నా కుడికాలు. అలాగని నేను నమ్మాను, మా ఇంట్లోవాళ్ళు నమ్మారు, చర్చివాళ్ళు కూడా నమ్మారు.

ఆ రోజుల్లో నాకు నలభై ఆరేళ్ళు. ఆ వయసు ముచ్చటను పడుచుదనపు జ్ఞాపకమంటూ రాస్తున్నానేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. చిన్నతనంలోనే పెళ్ళయి, ఆ తర్వాత బతుకంతా పొయ్యి ముందే గడిచింది. అక్షరాలు నలభై దాటాకే వచ్చాయి, అదీ చర్చి వెనక గదిలో పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, కూర్చోబెట్టి నేర్పితే. అంతవరకూ బస్సు బోర్డు చదవలేక, మల్కాజ్‌గిరి పోవాలంటే పక్కన నిలబడ్డవాళ్ళను "ఇది ఎటు పోతది బిడ్డా?" అని అడిగేదాన్ని. తప్పు చెప్పినవాళ్ళున్నారు, మొహం తిప్పుకున్నవాళ్ళున్నారు. చదవడం వచ్చాక రోడ్డు మీద కనబడ్డ ప్రతి బోర్డునూ పైకే చదివేదాన్ని. ఆ బాధ పడలేక మా ఆయన కొన్నాళ్ళు నాతో బయటికి రావడం మానేశాడు. ఆ వెనకే పట్టుబట్టి కారు నేర్చుకున్నాను. పడుచుదనం నాకు వచ్చిందే అప్పుడు, ఏం చేయను?

మాది చిన్న తెల్ల కారు, ఎవరో వాడి వదిలేసింది. అందులో రోజూ మధ్యాహ్నం బేగంపేట ఆఫీసులకు అన్నం క్యారియర్లు తీసుకెళ్ళేదాన్ని. గేటు దగ్గర ఎదురుచూసేవాళ్ళు ముందు క్యారియర్ వంక చూసేవాళ్ళు, తర్వాత నా వంక, ఆ తర్వాత స్టీరింగు వంక. ఆ మూడో చూపు కోసమే అన్నేళ్ళు వంట చేశానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

వణుకు క్రిస్మస్ అయ్యాక మొదలైంది. మెల్లగా పోతూ ఆపితే ఏమీ ఉండేది కాదు. వేగంగా పోతూ, ముఖ్యంగా రైలు బ్రిడ్జి దగ్గరి దిగుడులో, బ్రేకు తొక్కానంటే పాదం కింద ఎవరో లోపలి నుంచి తన్నుతున్నట్టుండేది. కాలు మోకాలి దాకా గజగజలాడేది. స్టీరింగు మీద చేతులు కూడా ఆడేవి. బండి ఆగగానే వణుకు ఆగేది. ఇంట్లో నడిచేటప్పుడు రాదు, మెట్లెక్కేటప్పుడు రాదు, బిందె ఎత్తినప్పుడు రాదు, బ్రేకు మీదే ఎందుకు వస్తుందని నాకు తోచాలి కదా? తోచలేదు. చదువు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఒక జబ్బుంటుంది, ఏది తేడాగా ఉన్నా తేడా మనలోనే ఉందనుకుంటాం. అక్షరం అర్థం కాకపోతే అచ్చులో తప్పుందనుకోం, మన కళ్ళదే తప్పనుకుంటాం.

మెకానిక్ దగ్గరికి పోలేదా అంటే పోయాను. బ్రేకు కొడితే కీచుమంటోందని చెప్పాను. వణుకు సంగతి చెప్పలేదు. (నా కాలు సంగతి మెకానిక్‌కు ఎందుకు?) చక్రం వెనక గుండ్రటి ఇనుప పళ్ళెం ఒకటుంటుంది, దాన్ని డిస్కు అంటారు, రెండు వైపులా ప్యాడ్లు దాన్ని నొక్కి పట్టుకుంటే బండి ఆగుతుంది. అతను కొత్త ప్యాడ్లు వేసి పంపాడు. కీచుమనడం పోయింది. వణుకు పోలేదు.

మా ఆయనది రైల్వేలో ఫిట్టర్ పని. స్కూటర్ తప్ప మరొకటి నడపడం రాదు కానీ పక్క సీట్లో కూర్చుని సలహాలివ్వడం బాగా వచ్చు. "అది భయమే. లోపల భయం పెట్టుకుంటే కాలు ఎట్ల ఆగుతది?" అన్నాడు.

"నాకేం భయం లేదయ్యా."

"నీకు లేదు. నీ కాలుకుంది."

డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నా మోకాలు కొట్టి చూసి, వీపు వంచి చూసి, నడుములో డిస్కు అరిగి ఉంటుంది, అది నరాన్ని నొక్కితే కాలు వణుకుతుందన్నాడు. (రోగం పేరు సరిగ్గానే చెప్పాడు పాపం, రోగి ఎవరో తెలియక.) నడుముకు బెల్టు రాశాడు. దాని మీద కారు బెల్టు పెట్టుకుని, కట్టేసిన మూటలాగా బేగంపేట పోయి వచ్చేదాన్ని. సంగతి చర్చిలో స్త్రీల సమాజానికి తెలిసింది. ఇక ప్రతి శుక్రవారం ప్రార్థన విన్నపాలలో, పరీక్షలు రాసే పిల్లలకూ పెళ్ళి కుదరనివాళ్ళకూ నడుమ, "మన సహోదరి కుడికాలు" అని అమ్మగారు చదివేవారు. అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. నేను మాత్రం ఒక కన్ను తెరిచి కాలు వంక చూసుకునేదాన్ని.

ఇంతవరకూ నవ్వులాటే. ఆ శనివారం మధ్యాహ్నం బేగంపేటలో సిగ్నలు పడింది. తొక్కాను. కాలు అదిరి పెడలు మీద నుంచి జారింది. మళ్ళీ తొక్కేసరికి ముందున్న స్కూటరుకు జానెడు దూరంలో ఆగాను. స్కూటరు మీద ఒక తల్లి, ఆమె వెనక బడి సంచీ తగిలించుకున్న పిల్ల. ఆ పిల్ల వెనక్కి తిరిగి, నా నడుము బెల్టు చూసిందో ఏమో, నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇంటికి వచ్చి క్యారియర్లు కడిగి, ఇక నడపనని చెప్పాను. వద్దని ఎవరూ అనలేదు. మా ఆయన మల్కాజ్‌గిరిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడు, వచ్చి బండి తీసుకుపొమ్మని.

మా మరిదిని ఇంట్లో హారన్ అంటాం. నోరైనా బండైనా ఊరుకోదు. అందరం కలిసి చర్చికి పోదాం, ఆరాధన అయ్యాక అతను బండితో మల్కాజ్‌గిరి పోతాడని అనుకున్నాం. అతను స్టీరింగు పట్టాడు, పక్కన మా ఆయన, వెనక మా అత్త, నేను. నా బండిలో నేను వెనక కూర్చోవడం అదే మొదలు. అంత చిన్న బండి అని నాకు అప్పటిదాకా తెలియదు.

"సూడు వదినా, బండి తోలుడంటే గిట్ల," అంటూ హారన్ కొట్టుకుంటూ దిగుడులోకి దించాడు. ముందు ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు కొట్టాడు.

"ఇదేందిరా," అంది మా అత్త పక్క నుంచి. "నీ కాలు సుత వణుకుతుందా? కోడలు తోలినప్పుడు సుత నా పండ్లు గిట్లనే కదుల్తయి."

"పొద్దుగాల టిఫిన్ చెయ్యలేదే అమ్మా. షుగర్ డౌన్ అయినట్టుంది."

"నీకు షుగర్ ఎప్పుడొచ్చింది తమ్మీ?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడే వచ్చినట్టుందన్నా."

నేను సీట్ల మధ్య నుంచి ముందుకు వంగి చూశాను. దిగుడులో అతను బ్రేకు తొక్కినప్పుడల్లా మోకాలి దగ్గర పాంటు ఊగుతోంది. వదినకూ మరిదికీ ఒకే నరం ఉండదు కదా.

"జెర స్పీడు పెంచి మళ్ళా తొక్కు," అన్నాను.

"పరేషాన్ చెయ్యకు వదినా, నాకు కండ్లు తిరుగుతున్నయి."

"తిరగనీ. తొక్కు. ఏమయ్యా, నువ్వు ఆ స్టీరింగు మీద ఒక చెయ్యి పెట్టు."

మరిది తొక్కాడు. మా ఆయన చెయ్యి కూడా స్టీరింగుతో పాటు ఆడింది. ఆయన చెయ్యి తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. "నాకు సుత వణుకుతుందే," అన్నాడు నెమ్మదిగా.

"ఇప్పుడు చెప్పు. భయం ఎవరికి?"

బండి పక్కకు ఆపించాను. చర్చి అక్కడికి రెండు సందులే. దిగి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చక్రం సందుల్లోంచి లోపలికి చూశాను. ఆ ఇనుప పళ్ళెం కనబడింది. ఎన్నిసార్లు బండి కడిగానో, ఒక్కసారీ దాని వంక చూడలేదు. నడుమ మీద గుండ్రంగా గీతలు పడి లోపలికి దిగిపోయింది, చుట్టూ అంచు మాత్రం అన్నం పళ్ళెం అంచులాగా లేచి ఉంది. మా మరిది "ఏదీ" అని వేలు పెట్టి, "అబ్బా!" అని నోట్లో పెట్టుకున్నాడు. బ్రేకు కొట్టి కొట్టి కాలిపోతోంది అది.

సరిగ్గా అప్పుడే సందు మలుపులోంచి హోసన్నా పాడుకుంటూ మట్టలు పట్టుకున్న మా చర్చి ఊరేగింపు వచ్చింది. ముందు వరసలో అమ్మగారు. ఆవిడకు కనబడింది ఏమిటి? బండి ఆగిపోయి ఉంది, నేను చక్రం పట్టుకుని నేల మీద ఉన్నాను.

"అయ్యో తల్లీ, పడిపోయావా!" అని పరుగున వచ్చి, నేను నోరు తెరిచేలోపే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. స్త్రీల సమాజం అంతా చుట్టూ చేరి మట్టలతో నీడ పట్టారు. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదని ఆవిడే నాకు నేర్పారు. అందుకని ఆమేన్ అనేదాకా తల వంచుకుని, ఆ డిస్కు వంకే చూస్తూ కూర్చున్నాను. అంత స్థిమితంగా ఎప్పుడూ ఒక వస్తువును చూసి ఉండను.

"నా కాలు మంచిగనే ఉందండీ అమ్మగారూ," అన్నాను లేచి. "రోగం చక్రానిది."

"మరి ఇన్ని శుక్రవారాలు మేము చేసిన ప్రార్థనో?"

"దేవునికి సంగతి ముందే తెల్సుంటదండీ. అడ్రసు మనమే తప్పు చెప్పినం."

అమ్మగారు నవ్వాపుకోవడానికి మట్ట అడ్డం పెట్టుకున్నారు.

బండిని మెల్లగా నడిపించి చర్చి ఆవరణలో పెట్టాం. ఫోన్ చేస్తే, ఆరాధన అయ్యేసరికి ఆ ప్యాడ్లు వేసిన మెకానిక్ స్కూటరు మీద వచ్చాడు. చక్రం విప్పాడు. చల్లారిన డిస్కు మీద నా చెయ్యి పెట్టించాడు. నడుమ నుంచి బయటికి గోరు జరిపితే అంచు దగ్గర తట్టుకుని ఆగిపోయింది.

"గీ అంచు లేసిందంటే నడుమ అంత అరిగినట్టమ్మా. అరుగుడు సుత అంతటా ఒక్క తీరు లేదు. అందుకే ప్యాడు పట్టినప్పుడల్లా పెడలు ఎగిరెగిరి తంతుంది. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు చక్రం ఇప్పి నేను సూసిన, గని ఇంత వంకరుందనుకోలే. వణుకుతుందని జెర చెప్పుంటే అయిపోతుండె గద?"

"నా కాలు సంగతి నీకెట్ల చెప్తనయ్యా?"

"బ్రేకు మీద పెట్టినంక అది నా డిపార్ట్‌మెంటేనమ్మా."

రెండు ముందు చక్రాల డిస్కులూ ఒకేసారి మార్చాలన్నాడు, ఒకటే మారిస్తే ఆపినప్పుడు బండి ఒక దిక్కు గుంజుతుందట.

"అప్పటిదాకా నడుస్తదా?" అని అడిగాడు మా ఆయన.

"నడుస్తదన్నా. ఆగుడే కష్టం."

"మా ఇంటామె లెక్క," అన్నాడు మా ఆయన. మా అత్త గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను.

మరిది మాత్రం తాళంచెవి వేలికి తిప్పుతూ, "మంచిది, ఇయ్యాల ఈడనే ఉండనీ. డిస్కులు నేనే ఏపిచ్చుకోని తీస్కపోతా," అన్నాడు.

నేను చెయ్యి చాచాను. "తాళం ఇటియ్యి."

"ఇగ నడపనంటివి గద వదినా?"

"కాలు పాడైందని నడపనన్న. నా కాలు మంచిగుంది."

అతను అన్న వంక చూశాడు. మా ఆయన ముందుకు వచ్చాడు. విప్పిన చక్రం పక్కన నిలబడి ఆ అరిగిన ఇనుము మీద తన గోరు ఒకసారి జరిపి చూశాడు. ఇనుము పని చేసే మనిషి, ఇంతకాలం పక్కనే కూర్చుని ఇనుమును వదిలి నన్ను తప్పుపట్టాడు. "ఇయ్యరా తమ్మీ," అన్నాడు చివరికి. "బండి ఆమెది."

ఇప్పుడు నాకు అరవై దాటింది. ఇనుము అరిగితే తన ఒళ్ళే అరిగిందనుకుని, నడుముకు బెల్టు బిగించుకుని అన్ని దినాలు తిరిగిన ఆ ఆడమనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమె పక్క సీట్లో కాసేపు కూర్చుని, నీకేం కాలేదే పిచ్చిదానా అని ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: మా ఆయన. మా అత్త, ఆమె ఇప్పుడు లేదు. నోట్లో వేలు పెట్టుకున్న మా మరిది హారన్. అమ్మగారు, మట్టలు పట్టుకున్న స్త్రీల సమాజం. చేతులు తుడుచుకుంటున్న మెకానిక్. ఇంకా, ఎండలో నిలబడి చెప్పులు విడిచి, తన రెండు కాళ్ళనూ కొత్తగా చూసుకుంటున్న నేను.