రూతమ్మ సవతి

బోధన్ రూతమ్మ తన బతుకులో ఒకేఒకదాన్ని చూసి కుళ్లుకుంది. అది మనిషి కాదు, పొలాల నుంచి కార్ఖానాకు చెరకు మోసిన చిన్న పట్టాల ఆవిరి ఇంజను. మొగుడు సామేలు దాని డ్రైవరు. అతని బనియన్లకు అంటిన మసి వదిలించేటప్పుడు, "సవతి వాసన!" అంటూ వాటిని బండకేసి బాదేది. ఆ రైలు ఆగిపోయి ఏళ్లు గడిచినా, అతను అన్నం ముద్ద నోటి దగ్గర ఆపి మరీ దాని ముచ్చటే చెప్పేవాడు. ఆమె విసురుగా లేచి గిన్నెలు చప్పుడు చేసేది. అది నడిచిన రోజుల్లో ఒక్కసారన్నా ఎక్కించుకొమ్మంటే, "ఆడోళ్లను ఎక్కనియ్యరే" అనేవాడు.

మొన్న వేసవిలో బిడ్డ ఎస్తర్ అమ్మానాన్నలకు కొండ రైలు చూపించడానికి తీసుకుపోయింది. లోయ పక్క స్టేషన్‌లో అలాంటి చిన్న ఇంజనే పొగలు కక్కుతూ నిలబడి ఉంది. సామేలు భార్య చేయి వదిలేసి దాని దగ్గరికి ఉరికాడు. నీలిరంగు రేకును అరచేత్తో మెల్లగా నిమిరాడు. తననెప్పుడైనా అట్లా నిమిరాడా? రూతమ్మ గబగబా అతని వెనకే నడిచింది.

అక్కడి డ్రైవరు నవ్వి, లోపల ఒక్కరికే చోటుందంటూ సామేలును రమ్మన్నాడు. అతను మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"ఆగు," అంది రూతమ్మ. "గిన్నేండ్లు నువ్వే ఎక్కినవు. గిప్పుడు నేనెక్కుత."

సామేలు పక్కకు జరిగాడు. ఆమె కొంగు బిగించి ఎక్కింది. డ్రైవరు చూపించిన గొలుసు లాగితే, కూత కొండంతా మారుమోగింది. కిందికి చూస్తే, సామేలు ఆమె చేతిలోని గొలుసునే గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. ఇన్నేళ్లూ ఇంజనును తాను చూసిన చూపే.

"ఇగ దిగుతవా?" అన్నాడు.

"ఇంకొక్కపారి," అని రూతమ్మ మళ్లీ గొలుసు లాగింది.