తొండుపల్లి బావిలో శుక్రవారం వంతు

మా కాలనీ శనివారం సంతలో ఆకుకూరలమ్మే యాదమ్మ మూడు వారాలుగా రాలేదు. ఫోన్ చేస్తే, "బోరు ఎండిందమ్మా. రెండు మడుల కొత్తిమీర మిగిలింది. మొన్నటి వానకు పాత బావిల జరన్ని నీళ్లూరినయి. శుక్రవారం మోటరు పెడుతున్నం, వచ్చి సూడరాదు" అంది. తినే కూరకు నీళ్లెక్కడివో నలభై దాటినా చూడనిదాన్ని, బయలుదేరాను. ఒకరి ఇబ్బందిని చూడబోవడం కూడా ప్రయాణమేనా అన్న సందేహం దారంతా వెంటే వచ్చింది.

ఉదయం ఏడింటికి ఆరాంఘర్‌లో బస్సెక్కితే అరగంటలో శంషాబాద్. అక్కణ్ణుంచి తొండుపల్లికి ఆటో వంద రూపాయలు. బావి చూడ్డానికని చెబితే డ్రైవరు అద్దంలోంచి నన్ను పరీక్షగా చూశాడు. "ఇమానాలు సూసెతందుకొస్తరు గని, బావి సూసుడేందక్కా? నీళ్లుంటే నాగ్గూడ జర సెప్పు, బండి కడుక్కుంట."

పొలం గట్టు మీద "యాదమ్మ గారూ" అని పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూసింది. "గారు అంటే ఇంకెవరో అనుకున్న" అని నవ్వింది. ఆమె భర్త పెంటయ్య బావి లోపలి మెట్టు మీద పాత మోటరు బిగిస్తున్నాడు. రాతికట్టు బావి, అడుగున మోకాలి లోతు పచ్చటి నీళ్లు.

"పైన చెరువు నిండితే ఈడ బావి నిండేది. చెరువుకొచ్చే వాగుకడ్డం ప్లాట్లు చేసిన్రు. చెరువు ఎండె, బావి ఎండె, బోరేస్తే అదీ గంతే" అంది యాదమ్మ. చెరువు, బావి, బోరు వేర్వేరు వనరులని చదువుకున్నాను. ఇక్కడ అవి ఒకే నీటికి మూడు పేర్లు.

ఈ బావి అన్నదమ్ములిద్దరిది. సోమ, బుధ, శుక్రవారాలు అన్న వంతు, తక్కిన రోజులు పెంటయ్య వంతు. బోరు వేసుకున్నాక ఈ బావితో పనిపడలేదు. అన్న తన పొలం అమ్మి బాలాపూర్ వెళ్లిపోయాడు. ఆ పొలం చుట్టూ ఇప్పుడు ప్రహరీ గోడ.

మోటరు నీళ్లు పట్టాలంటే ముందు దానికి నీళ్లు తాపాలట. ఇంట్లో తాగడానికుంచిన రెండు బిందెలూ పోశారు. చాల్లేదు. నా సీసా కూడా ఒంపాను. మోటరు నీళ్లు అందుకుంది. యాదమ్మ తడి చేయి కళ్లకద్దుకుంది. పెంటయ్య పార భుజాన వేసుకుని కాలువ మళ్లించడానికి పైకి వెళ్లాడు. ఒక్క తడి అందితే కొత్తిమీర నాలుగు రోజుల్లో సంతకెళ్తుందని ఆమె చెబుతుంటే, మెట్ల మీద కూర్చుని నీళ్లు దిగిపోవడం చూశాను. కాసేపటికే మోటరు గాలి పీల్చడం మొదలుపెట్టింది. యాదమ్మ ఆపేసింది.

పైకొచ్చి చూస్తే కుడివైపు మడులు పొడిగా ఉన్నాయి. ఎడమవైపు, ఆ ప్రహరీ గోడ మొదట్లో, నురగతో నీళ్లు ఇంకిపోతున్నాయి.

"ఏందయ్యా గిది?" అంది యాదమ్మ.

పెంటయ్య పార వైపే చూస్తున్నాడు. "ఇయ్యాల శుక్రవారం గదనే. అన్నోల్ల వంతు. చెయ్యి గట్లనే పోయింది."

యాదమ్మ అతని చేతిలోంచి పార తీసుకుంది. "పెట్టు, గోడకు నీళ్లు పెట్టు. ఇంకింత మొలుస్తదేమో" అంది. ఎవరూ నవ్వలేదు. బురదనీళ్లు బిందెతో ఎత్తబోయాం. బిందె అడుగు తడిసేలోపే నేల తాగేసింది. "ఇగ పీకుడే" అని యాదమ్మ మడిలో కూర్చుంది. జానెడు కూడా లేని కొత్తిమీర, అమ్మడానికి పనికిరాదు. గుప్పెడు నా సంచిలో పెట్టింది. పెంటయ్య మాత్రం కాలువకు తెగ్గొట్టిన గండిని చేత్తో పూడుస్తూ ఉండిపోయాడు, ఇక అందులో పారేదేమీ లేకపోయినా.

మధ్యాహ్నం బస్సులో ఒళ్లో ఆ కొత్తిమీర వాసనే. పెంటయ్యది తప్పు అనడానికి నాకు నోరు రావడం లేదు. అన్న లేడు, పొలం లేదు, నీళ్లూ లేవు. అన్న వంతు అన్నకే ఇవ్వాలన్న న్యాయం ఒక్కటి ఆ చేతిలో మిగిలి ఉంది, అదే అతని పంటను పోగొట్టింది. దీన్ని మంచితనమనాలో దురదృష్టమనాలో ఇంటికి చేరేదాకా తేల్చుకోలేకపోయాను. ఇప్పుడూ తేల్చుకోలేదు.

ఆ పల్లెల వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మీ నీళ్లు మీరే తీసుకెళ్లండి. నాకు దాహం వేస్తే యాదమ్మ పక్కింటికెళ్లి చెంబుడు అడిగి తెచ్చింది. లేవని ఎవరూ అనరు. అందుకే అడగకండి.