అపొలోనియా చూపిన చోటు

బూగన్‌విల్ దీవిలో మా ఊరి నేల ఆడవాళ్లది. యుద్ధంలో కాలిపోయిన ఇళ్లను మళ్లీ కట్టేటప్పుడు స్తంభాలకు చోటు ఊరి పెద్దావిడ అపొలోనియా చూపించేది. వక్క నములుతూ నడిచి, మడమతో నేలను నొక్కి, "ఇక్కడ తవ్వండి" అనేది. ప్లాను గీసినతను కూడా ఆ మడమ కోసమే ఎదురుచూసేవాడు. యుద్ధంలో తప్పిపోయిన తమ్ముడి ఎముకలైనా దొరకలేదన్న మాట మాత్రం ఆమె ఎప్పుడూ ఎత్తేది కాదు.

ఊరందరూ కూర్చునే చావడికి చోటు చూపించిన రోజు, అవతలి పక్షాన పోరాడి తిరిగొచ్చిన, ఆమెకు వరసకు అల్లుడయ్యే దామియన్ పార పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు.

"ఏం అల్లుడూ, అప్పుడే నడుం పట్టేసిందా?" అని ఆమె నవ్వింది.

"ఇక్కడొద్దత్తా," అన్నాడతను తల వంచుకుని. "ఇక్కడ మీ తమ్ముడున్నాడు. పూడ్చింది నేనే."

ఆమె దవడలు ఆగిపోయాయి. అతని చేతిలోంచి పార తీసుకుని దూరంగా పెట్టింది.

"చేత్తో తవ్వు. మెల్లగా," అని అతని పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.