వెనక్కి పిలవని బేరం

మా వంశంలో మొదట చెప్పిన ధరకి ఎవరూ ఏదీ కొనలేదు. మా నాన్నది చీరాలలో బట్టల కొట్టు, మేనమామలది స్టీలు సామాన్లు, పెదనాన్నది ఫ్యాన్సీ షాపు. అమ్మేవాళ్ళింట్లో పుట్టాను కాబట్టి కొనడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకో గట్టి నమ్మకం. పెళ్ళయి న్యూజిలాండ్‌లో ఈ పామర్‌స్టన్ నార్త్ వచ్చాక ఆ నమ్మకానికి చాలాకాలం పని దొరకలేదు. సూపర్ మార్కెట్లో టమాటాలకి బేరమాడలేం కదా. ఒకసారి ఆడాను. కౌంటర్లో అమ్మాయి మేనేజర్ని పిలిచింది.

అందుకే ఆ చలికాలం మా పక్కింటావిడ "నువ్వే మాట్లాడి పని కుదుర్చు, డియర్" అన్నప్పుడు నాకు పట్టాభిషేకం జరిగినట్టయింది.

ఆవిడ ఆ మాట అన్నది ఆస్పత్రి మంచం మీంచి. మా రెండిళ్ళకీ కలిపి ఒకటే డ్రైవ్‌వే. రోడ్డు వైపు మా ఇల్లు, వెనక ఆవిడది. ఆ డ్రైవ్‌వే మీద కాంక్రీటు ఎప్పుడో పగుళ్ళు తేలి, ఆవిడ గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఉత్త కంకరగా మారిపోయింది. ఇక్కడ చలికాలం నడిమధ్య అయిన జులైలో ఒక పొద్దున దానిమీద మంచు పేరుకుని ఉంటే, చెత్తడబ్బా బయట పెట్టడానికొచ్చి ఆవిడ జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది గానీ, వాకర్ పట్టుకుని గేటు నుంచి గుమ్మం దాకా నడవగలిగే దారి ఉంటేనే ఇంటికి పంపుతామన్నారు. లేకపోతే వృద్ధుల హోమ్‌కి.

"తాత్కాలికంగానే అంటున్నారు," అందావిడ. "మా అక్కనీ తాత్కాలికంగానే పంపారు. మళ్ళీ ఇంటి మొహం చూడలేదు."

కాంట్రాక్టరు వచ్చాడు. ఎముకలు కొరికే చలిలో నిక్కరు వేసుకుని టేపుతో కొలిచి, డ్రైవ్‌వే అంతా కొత్త కాంక్రీటు పొయ్యడానికి మర్నాటికి నాలుగు పేజీల కాగితం తెచ్చాడు. మా ఊళ్ళో మేడ కట్టించినా అంత కాగితం ఉండదు. మేస్త్రీ వచ్చి "మీరేం కంగారు పడకండి" అంటాడు. అదే అగ్రిమెంటు. ఇక్కడ మాత్రం ఏం చేస్తారో, ఏం చెయ్యరో, వాన పడితే ఏమిటో, మంచు పడితే ఏమిటో అన్నీ రాసున్నాయి. నేను తిన్నగా ధర ఉన్న పేజీకి వెళ్ళాను. అక్కడ "చలికాలపు జాగ్రత్తలు" అని ఒక లైనూ, దానికి విడిగా డబ్బూ కనపడ్డాయి. దొరికాడనుకున్నాను.

"ఇదేంటి?"

"దుప్పట్లు," అన్నాడు. "కాంక్రీటుకి."

"కాంక్రీటుకి చలేస్తుందా?"

"వేస్తుంది. గట్టిపడేలోపు లోపలి నీళ్ళు గడ్డకడితే పైపొర బిస్కెట్లా రాలిపోతుంది. వెచ్చటి నీళ్ళతో కలిపిస్తాం, తొందరగా బిగిసే మందు వేయిస్తాం, సాయంత్రానికల్లా కప్పేస్తాం."

"మా ఇంట్లో పాత బొంతలున్నాయి. అవిస్తాను. ఆ లైను కొట్టెయ్యండి."

ఆయన నవ్వలేదు. "మీ బొంతలు తడిసిపోతాయి," అన్నాడు.

అప్పుడు నేను మా కుటుంబాల ఆఖరి అస్త్రం తీశాను. మా నాన్న కొట్లో రోజూ చూసిందే. బేరం తెగకపోతే కొనేవాళ్ళు లేచి, చెప్పులు నిదానంగా వేసుకుని, పక్క కొట్టు పందిరి దాకా నడుస్తారు. అంతవరకూ మా నాన్న చీరలు మడతపెడుతున్నట్టే ఉంటాడు. సరిగ్గా పందిరి కిందకి వెళ్ళగానే "ఇదిగో అమ్మా, నీ మాటా వద్దు, నా మాటా వద్దు, ఇలా రా" అంటాడు. వెళ్ళేవాళ్ళకి పిలుస్తాడని తెలుసు, పిలిచేవాడికి ఆగుతారని తెలుసు. మధ్యలో ఆ నడక ఒక మర్యాద, అంతే.

నేను కాగితం మడిచాను. "వేరేవాళ్ళని చూసుకుంటాం లెండి," అని వెనక్కి తిరిగాను. నా ఇంట్లోకి నేనే చెప్పులు విడుస్తూ నిదానంగా వెళ్ళాను.

"నో వర్రీస్," అన్నాడు వెనకనుంచి. "ఆల్ ది బెస్ట్."

వంటింట్లో కర్టెను పక్కన నిలబడ్డాను. మా ఆయన హాల్లో కిటికీ దగ్గరున్నారు.

"ఏమోయ్, ఆయన బండెక్కుతున్నాడు."

"ఎక్కనివ్వండి. అదంతా నటన."

"స్టార్ట్ చేశాడు."

"చేస్తాడు. మీరు అలా కిటికీలోంచి చూడకండి, బేరం చెడుతుంది."

"ఇండికేటర్ వేశాడోయ్."

"మలుపు దగ్గర ఆగుతాడు."

మా ఆయన కర్టెను వేస్తూ, "మలుపు తిరిగాడు," అన్నారు.

నేనింకా గంటసేపు ఫోను పక్కనే కూరగాయలు తరిగాను. ఇద్దరు మనుషులున్న ఇంట్లో ఆ రోజు పెళ్ళికి సరిపడా బీన్స్ తరిగి ఉంటాను.

తర్వాత ఊళ్ళో వ్యాపారుల ఫోను నంబర్లుండే పసుపు పేజీల పుస్తకం ముందేసుకుని మిగతా కాంట్రాక్టర్లకి చేశాను. ఒకాయన ఈ చలిలో కాంక్రీటు పొయ్యడమా అన్నాడు, సెప్టెంబరు దాటాక చూద్దామన్నాడు. ఇంకొకాయన వస్తానని రాలేదు. ఈలోగా ఆస్పత్రినుంచి పక్కింటావిడ ఫోను. వచ్చే వారం డాక్టర్లూ వాళ్ళూ కూర్చుని ఇంటికా, హోమ్‌కా తేలుస్తారట.

"కుదిరిందా?" అంది.

"కుదురుతోంది."

"అంటే కుదరలేదు."

ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. హోంవర్కు చెయ్యనివాళ్ళ గొంతు ఆవిడకి తెలుసు.

సిగ్గు దిగమింగుకుని ఆ మొదటి కాంట్రాక్టరుకే చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఫోన్లూ లెక్కలూ ఆవిడవే. మా అమ్మ గల్లాపెట్టె దగ్గర మాట్లాడినట్టు, మర్యాదగానే ఉంటుంది గానీ ఒక్క మాట అదనంగా రాలదు.

"మీరు వద్దన్నారని చెప్పాడే?"

"వద్దనలేదండీ. వద్దన్నట్టు అన్నాను."

"అన్నట్టు అనడం అంటే?"

మా ఊరి బజారు పద్ధతి మొత్తం విడమరిచి చెప్పాను, పక్క కొట్టు పందిరితో సహా. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే ఆయన మిమ్మల్ని పిలవాలా? మీ ఇంట్లోంచి మిమ్మల్ని?" అంది.

కొటేషన్ నెలరోజులు చెల్లుతుందనీ, ధర మారదనీ చెప్పింది. నాకు ఊరట కలగాలి. కలగకపోగా చిన్నతనమనిపించింది. తిరిగొచ్చిన బేరానికి మా నాన్నయితే గజానికి రూపాయన్నా పెంచేవాడు. వీళ్ళు నన్ను ఆ మాత్రం కూడా లెక్కచెయ్యలేదు. కాకపోతే మన వంతు పోయింది. మధ్యలో ఖాళీ దొరికితే దూరుస్తానంది. ఏ రోజు పోస్తారన్నది మాత్రం చలిని బట్టి వాళ్ళిష్టం. అది రెండో పేజీలో ఉందట, చదవలేదా అంది.

ఆ రాత్రి చదివాను. కొట్టుకి మూట దిగితే మా నాన్న విప్పి తానుతానూ చూసినట్టు చదివాను. దేని బాధ్యత ఎవరిదో, మధ్యలో పని మారిస్తే ముందు కాగితం మీద రాసి సంతకాలు చెయ్యాలని, డబ్బు ఏ దశలో ఎంతివ్వాలో. మూడో పేజీలో "ఇందులో కలవనివి" అని ఒక జాబితా. అందులో ఒక మూల "మెట్లు". వెనక ఉన్న బొమ్మ చూస్తే కొత్త కాంక్రీటు గీత పక్కింటావిడ గుమ్మం మెట్టు కింద ఆగిపోయింది. వాకర్ మెట్టెక్కదు. నేను ధర తగ్గించే ఊపులో సంతకం పెట్టేసి ఉంటే, ఆవిడ తన తలుపుకి బారెడు దూరంలో నిలబడి ఉండేది.

మర్నాడే మళ్ళీ ఫోను. మెట్టు బదులు వాలుగా పొయ్యాలన్నాను. కొలవడానికి కాంట్రాక్టరు వచ్చాడు. నోరు ఊరుకుంటుందా?

"ఎలాగూ లారీలో కాస్త మిగులుతుంది కదా. కొసరుగా ఇక్కడ పోసెయ్యరాదూ?"

"మిగలదు. సెంట్రింగు చెక్కలు కూడా ముందే కట్టాలి. రాస్తాను, సంతకం పెట్టండి."

పెట్టాను. మా ఆయన పక్కనుండి ఆ దృశ్యాన్ని తీర్థం పుచ్చుకున్నంత భక్తిగా చూశారు.

తర్వాత ఎదురుచూపు. పగలు ఎండ కాస్తే ఊరంతా సంతోషించేది, నాకు గుండె జారేది. ఎండ కాసిందంటే ఆకాశంలో మబ్బు లేదు, మబ్బు లేకపోతే రాత్రికి మంచు ఖాయం. పొద్దున్నే కాంట్రాక్టరు భార్య ఫోను చేసేది. "నేల గడ్డకట్టింది, ఈవేళ కాదు." ఆ మర్నాడూ అదే మాట. అరిచి, బతిమాలి, కోపం తెచ్చుకుని పని జరిపించుకోవడం నాకు వచ్చు. సంతకం పెట్టి నోరు మూసుకోవడమే కొత్త విద్య. ఒకసారి ఆగలేక "కప్పుతారుగా, పోసెయ్యండి," అన్నాను.

"పోసేస్తాం," అందావిడ. "వసంతంలో మళ్ళీ పగలగొట్టి పోస్తాం. ఆవిడని అప్పుడు రమ్మనండి."

ఫోను పెట్టేసి, మబ్బేమన్నా పట్టిందేమోనని కిటికీలోంచి చూశాను.

డాక్టర్లు కూర్చునే రోజుకి కొద్దిగా ముందు గాలి మారింది. వాయవ్యం నుంచి మబ్బులు కమ్ముకున్నాయి, వెచ్చగా, మురికిగా. బాగా తెల్లారాక మిక్సర్ లారీ వచ్చింది. పోశారు, చదును చేశారు, చీపురుతో అడ్డంగా గీతలు లాగారు, కాలు జారకుండా. నేను పకోడీలు వేసి పెట్టాను. స్లాబు పోసినరోజు పనివాళ్ళకి తినడానికి పెట్టకపోవడం మా వైపు ఉండదు. అవి అగ్రిమెంటులో లేవని కాంట్రాక్టరు అన్నాడు. జోకు వేశాడని నాకు అర్థమయ్యేలోపు సగం తినేశాడు. చీకటి పడకముందే మందపాటి దుప్పట్లు కప్పి, అంచులకి బరువులు పెట్టి వెళ్ళారు. పొద్దున లేచి మొదటగా ఆ దుప్పట్లనే చూశాను. పురిటి గదిలోకి తొంగిచూసినట్టు.

ఆస్పత్రినుంచి ఒక మనిషి వచ్చి, దారి నడిచి, వాలు కొలిచి, తలూపి వెళ్ళింది.

పక్కింటావిడ వచ్చిన రోజు కారు రోడ్డు మీదే ఆగింది. కొత్త కాంక్రీటు మీదకి బండ్లు అప్పుడే ఎక్కకూడదు, మనుషులు నడవచ్చు. డ్రైవరు చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. వాకర్ ముందుకి, కాలు ముందుకి. మా కిటికీ దాటింది. పులిహోర డబ్బా పట్టుకుని వెనకే నడిచాను. వాలు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది.

"ఎంత తగ్గించావు?"

"ఏమీ తగ్గించలేదండీ."

"మంచిది," అంది. "నువ్వు తగ్గించి ఉంటే దీనిమీద కాలు పెట్టేదాన్ని కాదు."

వాలు ఎక్కింది. సంచిలోంచి తాళంచెవి వెతుక్కుని తీసింది, తలుపు తోసింది, లోపలికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు, డబ్బా సంగతి అడగలేదు, వెనక్కి చూడలేదు. లోపల్నుంచి గడియ పడిన చప్పుడు, కాసేపటికి కెటిల్‌లోకి నీళ్ళు పట్టుకుంటున్న చప్పుడు వినిపించాయి.