సాంచాల మీద చీనా అల్మారా

మా ఇంట్లో కుర్చీ నడుస్తోందని మొదట కనిపెట్టింది నా భార్య. నాలుగు కాళ్లున్నది నడవక ఏం చేస్తుందని నవ్వేశాను. నవ్వినంతసేపే నా ధైర్యం. ఆమె వంటగదిలోకి పోగానే వంగి చూశాను. గోడకు ఆనించి పెట్టిన కుర్చీ గోడకు జానెడు దూరంలో ఉంది.

"పొద్దుగాల ఊడ్సినప్పుడు గోడకే ఉండె," అంది ఆమె లోపలి నుంచే. "ఎవలు దాంట్ల కూసోని పానం ఇడిసిన్రో ఏమో. కొనేటప్పుడు జర అడిగితే ఏం పోయె?"

మేముండేది సూరత్‌లో, ఖటోదరాలో. కింద పన్నెండు సాంచాలు నడిచే షెడ్డు. మరమగ్గాన్ని ఇక్కడికి వలసొచ్చిన మా నేతవాళ్లు సాంచా అనే అంటారు. పైన మా రెండు గదులు. నేను ఆ షెడ్డుకు మాస్టర్‌ని. ఆగిన సాంచాను నడిపించడం నా ఉద్యోగం. ఆగి ఉండాల్సిన కుర్చీ నడిస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఈ చీనా సామాను పిచ్చి నాకు ఒక పాత కూలర్ వల్ల అంటుకుంది. నాన్‌పురాలో ఒక పాత పార్సీ ఇల్లు కూలుస్తున్నారు, సామాను అగ్గువకు పోతోందంటే కూలర్ కోసం వెళ్లాను. కుర్చీతో తిరిగొచ్చాను. ఒకప్పుడు ఈ రేవు నుంచి ఓడలెక్కి చీనాకు పోయిన వ్యాపారులు తెచ్చుకున్నదట. నల్లగా, తాకితే చల్లగా, చేతుల మీద డ్రాగన్లు, వీపు దగ్గర పాలరాతి బిళ్ల. ఎక్కడా ఒక్క మేకు లేదు. చెక్కలో చెక్క దూరి, ఎక్కడ దూరిందో కనబడకుండా నిలబడి ఉంది. తెగిన పోగును కనబడకుండా అతికే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ అతుకు చూశాక చెయ్యి ఆగలేదు.

నాలుగేళ్లలో ఆ కుర్చీకి ఇంకో కుర్చీ, ఒక టీ బల్ల, పూలకుండీలు పెట్టే రెండు ఎత్తుపీటలు తోడయ్యాయి. చివరికి అల్మారా వచ్చింది. నా ఎత్తు మీద ఇంకో మూరెడు. తలుపుల నిండా గబ్బిలాలు చెక్కి ఉన్నాయి. చీనాలో గబ్బిలం అదృష్టమని దాన్ని అమ్మిన పాతసామాను కబాడీ అతను చెప్పాడు. మా ఆవిడ నమ్మలేదు. కర్ర రోజ్‌వుడ్డు, గుజరాతీలో దాన్ని సీసం అంటారు. మన తెలుగు సీసం లోహం గానీ, ఎత్తి చూసినవాడికి ఆ తేడా తెలియదు. ఆరుగురు హమాలీలు మెట్టుమెట్టుకూ నన్ను తలుచుకుంటూ దాన్ని పైకి చేర్చారు. తలుచుకున్న మాటలు ఇక్కడ రాయను.

ఆ రోజు మా బావ, అంటే నా భార్య అన్న, కింద తన సాంచా ఆపి వచ్చి చూశాడు. సరిగ్గా మా ముందుగది కిందే అతని సాంచా.

"పాతయి కొనుడు మంచిదే బావా," అన్నాడు. "గని నువ్వు దాని పక్కకు నిలవడకు. గిరాకొస్తే నిన్ను బేరమాడుతడు."

నడిచేది మొదటి కుర్చీ. నడిచేది అల్మారా వైపు. "ఒక్క ఇంటి సామానాయె. దాని తోడు దగ్గరికి పోతున్నది," అని మా ఆవిడ తేల్చేసింది. ఆ సాయంత్రం నుంచి ఆ గదిలో దీపం పెట్టడానికి కూడా నన్నే పంపింది. నేను పాటలు పాడుకుంటూ వెళ్లేవాణ్ణి. నా గొంతుకు దయ్యమైనా భయపడుతుందని ఆశ.

మూడో రోజు సిగ్గేసింది. చాక్‌పీసుతో కుర్చీ నాలుగు కాళ్ల చుట్టూ గీతలు గీశాను. పొద్దున ఏడుకు సాంచాలు మొదలయ్యాయి, గచ్చు ఎప్పటిలాగే కాళ్ల కింద జుమ్మంది. మధ్యాహ్నానికి కుర్చీ గీత దాటింది. అప్పుడు తట్టింది. నడుస్తున్న సాంచా పక్కన స్టూలు మీద నూలు చుట్టే కండె పెడితే అది కూడా మెల్లగా జరిగి కింద పడుతుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. మా కుర్చీని నడిపిస్తున్నది దయ్యం కాదు, కింద మా బావ.

ఆ మాట చెప్పి రెండు రోజులు ఇంట్లో తల ఎత్తుకు తిరిగాను.

మూడో రోజు కరెంటు సెలవు. వారానికోసారి మా వైపు కారఖానాలు ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో చాయ్ తాగుతూ చాక్ గీతలు చూస్తుంటే ఒక సంగతి అడ్డం తగిలింది. అదురుకు జరిగే వస్తువు ఇటు జరుగుతుంది, అటు జరుగుతుంది. ఇది ఎటు తిప్పి పెట్టినా అల్మారా వైపే పోతోంది. ఎందుకు?

లేచి ఒక ఖాళీ కండె తెచ్చి గుమ్మం దగ్గర నేల మీద పెట్టాను. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, దొర్లుకుంటూ వెళ్లి అల్మారా కిందికి దూరింది. కిటికీ దగ్గర పెట్టాను. అదీ అల్మారా కిందికే. సాంచాలు ఆగి ఉన్నాయి. గచ్చు కదలడం లేదు. గచ్చు వంగింది.

కిందికి ఎలా దిగానో గుర్తులేదు. షెడ్డు పైకప్పుకు ఏళ్ల తరబడి పట్టిన నూలుదుమ్ము బూజులా వేలాడుతూ ఉంటుంది. మా బావ సాంచా మీద మాత్రం ఆ దుమ్ము రెండుగా చీలి ఉంది. పాపిట తీసినట్టు సన్నగా, ఈ దూలం నుంచి ఆ దూలం దాకా. పాపిట మధ్య సిమెంటు పగులు. కింద సాంచా మీది పడుగు దారాల మీద తెల్లటి సున్నపు పొడి రాలి ఉంది. నిన్నా రాలి ఉంటుంది, మా బావ చేత్తో దులిపి మళ్లీ పనిలో కూర్చుని ఉంటాడు.

రేపు పొద్దున ఏడుకు మళ్లీ పన్నెండు సాంచాలూ మొదలవుతాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆ క్షణంలో నేను ఎవరికీ చెప్పలేదు. పైకొచ్చి గుమ్మంలో కూర్చున్నాను. షెడ్డు యజమాని సేఠ్‌కు చెబితే గదులు పోతాయి, ఉద్యోగం పోతుంది, నా పిచ్చి ఊరంతా తెలుస్తుంది. సామాను మెల్లగా ఒక్కొక్కటే తీసేస్తే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. అలా గంటసేపు కూర్చున్నాను. ఆ కర్రకు నిలువెల్లా చేవే. నాకు మాట చెప్పే చేవ లేకపోయింది.

మా ఆవిడ వచ్చి నా ముఖం చూసింది. చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"మా అన్న కూసునే జాగ మీదనా?" అని మాత్రం అడిగింది. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

సేఠ్ అంతా విన్నాడు. తర్వాత, "పహ్లే ఆద్మీ బాహర్," అన్నాడు. ముందు మనుషులు బయటికి. షెడ్డుకు తాళం వెయ్యి, పైన బరువు దించు, పైకప్పుకు ఆనించే ఇనుప టేకాలు తీసుకుని రేపు పొద్దున వస్తానన్నాడు.

బావ వచ్చి షెడ్డుకు తాళం వేసి, ఎవరూ దగ్గరికి రాకుండా వాకిట్లో నిలబడ్డాడు. ఆరుగురు ఎక్కించిన అల్మారాను దించాలంటే మళ్లీ ఆరుగురు ఆ గచ్చు మీద నిలబడాలి. అది కుదరదు. మిగిలింది ఒకటే దారి. మేకు లేనిది కాబట్టి ఊడదీయొచ్చు. నాలుగేళ్లు మురిసిపోయానే గానీ, ఆ అతుకులు విప్పే ధైర్యం ఎన్నడూ చేయలేదు.

ఒక్కణ్ణే లోపలికి వెళ్లాను. మా ఆవిడ గుమ్మం అవతల. సుత్తి నేరుగా తగిలితే కర్ర చీలుతుందని మధ్యలో పాత పిక్కర్ పెట్టాను. సాంచాలో నాడెను కొట్టే తోలుముద్ద అది. ఒక దెబ్బ కొట్టడం, ఆగి వినడం. ఇంకో దెబ్బ, మళ్లీ వినడం. సాక్సులతో నిలబడ్డాను, నా బరువు తగ్గుతుందేమోనని. భయానికి లెక్కలు రావు.

మొదటి తలుపు ఊడి చేతిలోకి వచ్చింది. రెండోది బిగుసుకుంది. మూడు దెబ్బలు వేశాక, అది కదలక ముందే కింద ఏదో దబ్బుమని పడింది. నా కాళ్లలోంచి ఒక అదురు పైకి పాకింది. సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఊపిరి వదిలితే బరువు మారుతుందన్నట్టు.

"బావా," కింద వాకిట్లోంచి కేక. "పెచ్చు పడ్డది. కిటికీలకెల్లి కనవడుతున్నది. గా అలమార గాడనే ఉండనియ్. నువ్వు దిగు."

దిగడానికైనా పది అడుగులు వేయాలి. అల్మారా దించకపోతే రేపు టేకా పెట్టడానికి ఎవడో ఆ పగులు కిందికి పోవాలి. ఇది నేను ధైర్యంతో ఆలోచించింది కాదు, కదలలేక నిలబడి ఉంటే తోచింది.

"ఇంకోటి ఇయ్యిండ్రి," అంది మా ఆవిడ, గుమ్మంలో రెండు చేతులు చాపి. మామూలుగా నన్ను 'ఏందయ్యా' అనే మనిషి ఆ రోజు మర్యాదగా 'ఇయ్యిండ్రి' అంది.

ఒక్కో ముక్క అందించాను. తలుపులు, అరలు, పక్కపలకలు, నిలువు కర్రలు. సాయంత్రానికి ముప్పైఒక్క ముక్కలు వాకిట్లో టార్పాలిన్ మీద ఉన్నాయి. తర్వాత కుర్చీలు, బల్ల, ఎత్తుపీటలు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని సాక్సులు విప్పాను.

టేకాలు బిగించిన మిస్త్రీ పైకప్పులో కమ్ములు చాలా ఏళ్లుగా తుప్పు పట్టి ఉన్నాయన్నాడు. "నీ అల్మారా ఒక్కటే చేసిన పని కాదు మాస్టర్," అని ఓదార్చాడు. ఆ 'ఒక్కటే' అన్న మాట దగ్గరే నాకు నిద్ర పట్టేది కాదు. కొత్త దూలం పోసి మళ్లీ షెడ్డు తెరిచేదాకా నెల పట్టింది. సామానంతా కడోదరా హైవే మీది పాత ఫర్నిచర్ దుకాణానికి వెళ్లిపోయింది. గదులు ఉన్నాయి, ఉద్యోగం ఉంది, సేఠ్ ఆ మాట ఎత్తలేదు. మా బావ నెల కూలి పోయింది. అదీ అతను ఎత్తలేదు.

సాంచాలు మళ్లీ మొదలైన పొద్దున నేను వెళ్లి అతని పక్కనే, ఆ చోటు కిందే నిలబడ్డాను. పన్నెండూ ఒకటొకటిగా అందుకున్నాయి. నేను పైకి చూస్తూ ఉన్నాను.

"పోయి నీ పని జూస్కో బావా," అన్నాడతను, పోగు అతుకుతూ. "మెడ వట్టుకుంటది."

చాయ్ గంట కొట్టేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు.